తప్పు అట్ట

ధర్మవరం, 1984 మార్చి. నేతగాళ్ళ వీధిలో ముత్యాలప్ప ఇల్లు. మధ్యాహ్నం మూడు దాటింది. ముత్యాలప్ప మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. ప్రైమరీ బడి పంతులు శ్రీరంగప్ప గడపలో నిలబడి ఉన్నాడు.

"అట్ల కాదు ముత్యాలప్పా, మగ్గంలో ఆ నాడె ఆడించేది ఆపి నాతో మాట్లాడు. తొమ్మిది దినాలాయ మీ చౌడమ్మ బడికి రాక."

"ఆపినా గదా సారూ. రాండి, కూర్చోండి. ఆడ పీట ఉంటాది."

"కూర్చునేకి రాలేదప్పా. అయిదు గంటల లోపల సమితి ఆఫీసులో ఈ ఫారం ఇయ్యల్ల. ఈ పొద్దే ఆఖరు."

"ఏం ఫారం సారూ?"

"ఏం ఫారమంటావా? నెల నుంచి చెప్తాండా గదప్పా. గురుకులం పరీక్ష ఫారం. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆడే ఉండి చదువుకోవచ్చు. తిండి, గుడ్డలు, పుస్తకాలు, అంతా సర్కారుదే. మా బడి మొత్తానికి ఆ పరీక్ష రాసేకి తగిన బిడ్డ ఒకతే. నీ కూతురు."

"నీళ్ళు తాగుతారా సారూ? ఎండన పడి వచ్చినారు. ట్యాంకరు పొద్దున్నే వచ్చిపాయ."

"నీళ్ళు వద్దు. సంతకం కావల్ల."

"కదిరమ్మ రానీ సారూ. ఇంటిదాన్ని అడగకుండా ఎట్ల?"

"యాడికి పోయింది కదిరమ్మ?"

"కరువు పనికి. కదిరి రోడ్డు కాడ కంకర కొడతాండారు. పొద్దు మునిగితే గానీ రాదు."

"పొద్దు మునిగేటప్పటికి ఆఫీసుకు బీగం ఏస్తారు. కదిరమ్మ వద్దనదు, నాకు తెలుసు. వద్దనేది నువ్వే."

"నేను వద్దనలేదు సారూ."

"కావల్ల అని కూడా అనలేదు. చౌడమ్మ యాడుండాది?"

"మాతో నేయించుకునే ఎర్రిస్వామి ఇంటికి పోయింది, పేకకు, అడ్డపోగులకు, పట్టు తెచ్చేకి. వస్తాది."

"చూసినావా! బడి టైములో పట్టు మోస్తాండాది. మోసినాక రాట్నం కాడ కూర్చోని నాడెలోకి పట్టు కండెలు చుడతాది. అంతేనా? నిజం చెప్పు ముత్యాలప్పా, పాపను కండెలకు కూర్చోబెట్టినావా లేదా?"

"కూర్చోబెట్టలేదు. ఆయమ్మే కూర్చునింది."

"తొమ్మిదేండ్ల పిల్ల, తనంతట తానే!"

"నేను పొమ్మంటాండా సారూ. దినామూ పొమ్మంటాండా. తిట్టినా. ఒక దినం పలక చేతిలో పెట్టి బయటికి తోసినా. వాకిట్లో కూర్చునిందే గానీ పోలేదు."

"ఈ వీధిలో అందరూ ఇదే మాట చెప్తారప్పా. పిల్ల పోనంటాది సారూ, పిల్లకు ఇష్టం లేదు సారూ. ఇష్టం లేని పిల్లను నేను చూడలేదా? చౌడమ్మ అట్లాంటిది కాదు. బీగం తీసేకి నేను పోయేటప్పటికే మెట్ల మింద కూర్చోని ఉంటాది."

"ఉంటాది. నాకు తెల్దా?"

"రెండేండ్ల కిందట ఇదే గడపలో నిలబడి నిన్ను బతిమాలినా. ఏడేండ్ల పిల్లను ఏకంగా రెండో తరగతిలో కూర్చోబెట్టుకున్నా. ఎందుకు? ఆ దినం నేను మాట్లాడతాంటే ఆ పాప రాట్నం తిప్పుతా తిప్పుతా నీ మగ్గం మింద ఏలాడే బెజ్జాల అట్టలు లెక్కబెడతాండె. ఎంత మంది పెద్దోళ్ళకు ఆ బుద్ధి పుడతాది?"

"మీరు చెప్తిరి, నేను పంపిస్తి. మీ మాట కాదన్నానా సారూ?"

"అప్పుడు కాదనలేదు. ఇప్పుడంటాండావు."

"మీరు అట్టలు అడిగేకి వచ్చిన దినం యాదికుండాదా సారూ? పాత జకార్డు అట్టలుంటే ఇయ్యండప్పా అని వీధంతా తిరిగినారు. సారు ఇంట్లో కట్టెలు అయిపోయినట్లుండాయి, పొయ్యిలోకి అడుగుతాండాడు పాపం అని పక్కింటి నాగప్ప అన్నాడు."

"నాగప్ప అంటాడు. వాని నోటికి అడ్డం ఎవరు? మాట దాటేయొద్దు."

"దాటేయలేదు. ఆ అట్టలతో బాగా చెప్పినారు పాఠం. ఈడ ఇంట్లో గూడా అదే పాఠం జరిగేది."

"చెప్పల్లని నాకు ఎట్ల తోచిందో తెలుసా? అనంతపురంలో ట్రైనింగు పెట్టినారు. ఒకాయన వచ్చి, కంప్యూటరు అని ఒక మిషను ఉండాది, బెజ్జాల అట్టలు పెడితే చదువుతాది, అట్టలో ఉండేదే చేస్తాది, లేనిది చెయ్యదు అని చెప్పినాడు. అందరూ నోరు తెరుచుకొని ఇన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ బెజ్జాల అట్టలు మా పిల్లోళ్ళు పుట్టినప్పటి నుంచి నెత్తి మింద ఏలాడతాంటే చూస్తాండారు గదా అని!"

"బెజ్జం ఉంటే పోగు లేస్తాది, లేకుంటే లేవదు. దాంట్లో ఏముంది సారూ, మాకు దినామూ చూసేదే."

"దినామూ చూసేదే. అందుకే దాన్ని పాఠం చేసినా. ఎనిమిది మంది పిల్లోళ్ళను వరసగా నిలబెడితి. మీరు పోగులు అంటి. అట్టలో బెజ్జం ఉండేవాడు చెయ్యెత్తల్ల, లేనివాడు దించుకోవల్ల. ఒకడు అట్టలు చూసి చెప్తాడు, ఒకడు చేతులు చూసి బోర్డు మింద చుక్కలు పెడతాడు. ఇరవై అట్టలకు మామిడి పిందె రావల్ల. వచ్చింది గానీ తోక పక్కకు ఇరిగిపోయింది. పిల్లోళ్ళంతా, అంతా తుడిచేసి మళ్ళా చేద్దాం సారూ అని ఒకటే గోల."

"తుడిచేస్తే ఏమొస్తాది? అట్ట తప్పుంటే మళ్ళా అదే తప్పు వస్తాది."

"అదీ! నేత తెలిసినోడివి, టక్కున చెప్తివి. తుడవొద్దండి, తోక ఇరిగిన కాడి నుంచి ఒక్కొక్క అట్ట ఎనక్కి పోండి, యాడో ఒక అట్ట తప్పుంటాది, దాన్ని మార్చితే మిగిలిందంతా దానంతట అదే సరిపోతాది అని చెప్తి. ఎవరు పట్టుకున్నారు ఆ అట్టను?"

"చౌడి."

"చౌడమ్మే. నాకంటే ముందు పట్టుకునింది. నేను తప్పు అట్ట అని ఇంగొకటి చూపిస్తాండా. కాదు సారూ, మీరు ఊరికే తొందర పడతాండారు అనె."

"ఆయమ్మ మాట అంతే సారూ. ఒక దినం వాళ్ళమ్మ, బియ్యం ఎసట్లో ఎయ్యి అని చెప్పి బయటికి పోయింది. ఎసరు మింద మూత ఉండాది. మూత మిందే పోసింది బియ్యం. ఏందే ఇది అంటే, మూత తియ్యమని అట్టలో లేదు గదమ్మా అని నవ్వుతాది. వాళ్ళమ్మ గంటె తీసుకొని వీధంతా తరిమింది."

"నవ్వుతాండావు! ఇంత బాగా చెప్తాండావు! మరి ఆ బిడ్డను రాట్నం కాడ కట్టేసేకి చెయ్యెట్ల వచ్చింది నీకు?"

"కట్టేయలేదు సారూ."

"కసాయోడు గూడా నీ మాదిరి చెయ్యడు. తెలివిగల బిడ్డ పుట్టిందని సంతోషం లేదు, కండెలకు జీతం లేని మనిషి దొరికిందని సంతోషం. ఇంగ నేను బతిమాలను. ఇదో, పట్టుకో ఫారం. నువ్వు మూడో తరగతి దాకా చదివినావు గదా, నువ్వే చదువుకో. చదివి, నాకు ఇష్టం లేదు అని నీ నోటితో చెప్పు. పోతా."

"ఇయ్యండి."

"చదువు."

"చదువుతాండా."

"చదివినావా?"

"చదివినా సారూ. బాగుండాది."

"ఏం బాగుండాది?"

"రాసింది. అంతా బాగుండాది."

"ముత్యాలప్పా."

"సారూ."

"ఫారం తలకిందులుగా పట్టుకున్నావు."

"అట్లనా. తొందరలో చూసుకోలేదు సారూ. ఇదో, తిప్పినా."

"తిప్పినాక ఏం కనబడతాండాది? పైన ఒక గుర్తు ఉండాది. ఏం గుర్తు అది?"

"గుర్తులతో మనకేం పని సారూ..."

"నా పక్క చూడు. ముత్యాలప్పా, నేను ఈ పక్కకు వచ్చినా. నువ్వు ఇంగా గడప పక్కే చూస్తాండావు."

"గట్టిగా అనొద్దు సారూ. మీకు దండం పెడతా. గోడ అవతల నాగప్ప మగ్గం ఉండాది."

"అయ్యో. ఎప్పటి నుంచప్పా?"

"ఎడమది పోయి ఏడాది దాటింది. కుడిది దీపావళి నుంచి మసక, మసక. ఇప్పుడు వెలుగు ఒకటే తెలుస్తాది. ఆ వాకిట్లో మీరు నిలబడి ఉంటే నల్లగా అడ్డం వచ్చినట్లు ఉండె, అంతే."

"నేను వచ్చేటప్పటికి నేస్తాండావు గదా! నా కండ్లతో చూస్తి."

"చెయ్యికి తెలుసు సారూ. ఇరవై ఏండ్ల పని. పూలు, అంచు జకార్డు చూసుకుంటాది. పోగు తెగకుండా ఉంటే నేస్తా. తెగితే చౌడి వచ్చే దాకా చేతులు కట్టుకొని కూర్చుంటా."

"ఆ పాప ఏం చేస్తాది?"

"చెప్తాది. నాయనా, కుడి చెయ్యి అంచు మింద పెట్టు. నాలుగు వేళ్ళంత లోపలికి జరుపు. ఆగు. ముందుది కాదు, దాని ఎనకాలది. ఆ, అది పట్టుకో. ఇట్ల చెప్తాది. ముడి నేనే ఏస్తా."

"అది... అది నా ఆటప్పా. కండ్లకు గంత కట్టి, ఇంగొకరు చెప్తాంటే బోర్డు మింద బొమ్మ గీసే ఆట. పక్కకు రెండు గడులు, కిందికి ఒకటి, ఆగు. చెప్పేటోడు ఒక్క మాట మరిచినా బొమ్మ చెడిపోతాది."

"మీ ఆటేనంట. చెప్పింది."

"తరగతిలో ఆయమ్మ మాదిరి చెప్పేటోళ్ళు ఒక్కరూ లేరు. ఇంత నేర్పు యాడ నుంచి వచ్చెనో అనుకుంటి."

"ఈడ నుంచే సారూ."

"నేను... నేను కసాయోడు అంటిని గదప్పా నిన్ను."

"అంటే అంటిరి. బిడ్డ మింద ప్రేమతో అంటిరి, నా మింద కోపంతో కాదు."

"డాక్టరుకు చూపించినారా?"

"అనంతపురంలో చూపించినాము. కండ్లలో లైటు ఏసి చూసినాడు. నరం ఎండిపాయ, రాదు, ఆపరేషను గూడా లేదు అనె. మా నాయనకూ ఇట్లే పాయ సారూ, నలభై ఏండ్లకే. మా ఇంటి రక్తంలో ఉండాదంట."

"చౌడమ్మకు తెలుసా, రాదని?"

"చెప్పలేదు. చిన్నబిడ్డ, ఎట్ల చెప్తాము? డాక్టరు మందు ఇచ్చినాడు, నిదానంగా వస్తాది అని కదిరమ్మ చెప్పింది. మందు సీసా అయిపోయినాక గూడా అదే చెప్తాండాది. ఆ సీసాలో నీళ్ళు పోసి ఏస్తాండాము సారూ, పాప చూస్తాదని."

"వీధిలో ఎవరికీ తెల్దా?"

"తెలిస్తే ఇంగేముంది? ఎర్రిస్వామి వచ్చి మగ్గం మింద ఉండే పడుగు పోగులు కోసుకొని పోతాడు. మంచోడే. గానీ గుడ్డోని చేతికి పట్టు ఎవరిస్తారు సారూ? నేనైనా ఇయ్యను."

"మరి పాప గురుకులానికి పోతే..."

"పోవల్ల."

"మగ్గం ఎట్ల నడుస్తాది?"

"నడవదు. పోతాది. నేను తాళ్ళు పేనుతా. తాళ్ళకు కండ్లతో పని లేదు. ఇట్లయ్యేది నాకు ఎప్పుడో తెలుసు సారూ. చౌడి ఎన్నాళ్ళు నా ఎనక నిలబడి పోగులు చెప్తాది? పదేండ్లా? పెండ్లయ్యే దాకనా? ఆ తెలివి నా తెగిన పోగులకే సరిపోవల్లనా? నెల నుంచి మీకు జవాబు చెప్పలేదంటే, ఫారం చూసి మీరు కనుక్కుంటారని భయం. అంతే. ఇంగ కనుక్కుంటిరి గదా. పెన్ను ఇయ్యండి."

"ఆలోచన చేసుకో ముత్యాలప్పా."

"చేసినా. యాడ పెట్టల్ల చెప్పండి."

"చెయ్యి ఇట్లియ్యి. కింద, కుడి పక్క. ఇంగొంచెం కింద. ఆ, ఆడ."

"ఆడ అంటే యాడ సారూ? కుడి పక్కకు ఎంత, కిందికి ఎంత? చౌడి మాదిరి చెప్పేది మీకు రాదు."

"రాదప్పా. ఏలు పట్టి పెడతా ఉండు. ఇదో, ఈడ నుంచి రాయి."

"పడిందా గీత మింద?"

"పడింది."

"నిజంగా?"

"కొంచెం పైకి పోయింది. పరవాలేదు. నీ కండ్లలో నీళ్ళు... తుడుచుకోప్పా."

"నీళ్ళు మాత్రం బాగా వస్తాయి సారూ, దానికి నరం బాగుండాది. గానీ ఒక మాట. నేను సంతకం పెట్టినా, ఆయమ్మ రాదు. మీరే అడగండి."

"ఎందుకు రాదంటాది?"

"చెప్పదు. గట్టిగా అడిగితే, సరి చేస్తాండా నాయనా, కొన్నాళ్ళు ఆగు అంటాది. ఏమి సరి చేస్తాండాదో నాకు తెలీదు. నన్ను ఒక్కన్నే ఇడిచిపెట్టలేక అంటాండాదేమో అనుకున్నా. ఇదో, అడుగుల సప్పుడు. వచ్చింది."

"నాయనా, ఎర్రిస్వామి మామ పట్టు తక్కువ ఉండాదని రేపు రమ్మన్నా... అయ్యో, సారూ! నమస్కారం సారూ."

"రా చౌడమ్మా. భయపడొద్దు."

"సారూ, నాయనకు తలనొప్పి సారూ. అందుకే కండ్లు అట్ల పెట్టుకున్నాడు. పొద్దున నుంచి ఉండాది. ఊరికే, ఎండకు."

"నాకు తెలుసు పాపా. మీ నాయన చెప్పినాడు."

"చెప్పినావా నాయనా? ఎవ్వరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకొని, నువ్వే చెప్పినావా?"

"సారే గదమ్మా."

"సారూ, మీరు ఎర్రిస్వామి మామకు చెప్పొద్దండి."

"చెప్పను. ఒట్టు. ఇదో చూడు, గురుకులం ఫారం. మీ నాయన సంతకం పెట్టినాడు. రేపటి నుంచి బడికి వచ్చి పరీక్షకు చదువుకోవల్ల."

"రాను సారూ."

"ఎందుకు?"

"కొడతారా?"

"ఎప్పుడన్నా కొట్టినానా నిన్ను?"

"పదమూడో ఎక్కానికి కొట్టినారు."

"అదొకటి యాదికి పెట్టుకున్నావా! సరే, తప్పయిపాయ. ఇప్పుడు కొట్టను, చెప్పు."

"నవ్వగూడదు."

"నవ్వను."

"ఉండండి, నోటుబుక్కు తెస్తా. ఇదో సారూ. మీరు చెప్పినట్లే రాసినా. ఒక్కొక్క అట్ట ఎనక్కి."

"ఏంది పాపా ఇది?"

"నాయన కండ్లు సారూ."

"మీ నాయన కండ్లా?"

"తప్పు కనబడిన కాడ తప్పు ఉండదు, ఎనక్కి పోయి ఎతకల్ల అని మీరు చెప్పినారు గదా. నేను ఎతికినా. చదువుతా, తప్పుంటే చెప్పండి. మొదటి అట్ట, ఇప్పుడు నాయనకు కండ్లు కనబడవు. దాని ఎనకాలది, దీపావళికి జరీ పోగు కనబడలేదు. దాని ఎనకాలది, కండ్లు ఎర్రగయి నీళ్ళు కారతాండె. దాని ఎనకాలది, దినామూ రాత్రి బుడ్డిదీపం పెట్టుకొని నేసినాడు. నేను పడుకోని చూస్తాంటి."

"చౌడీ, అది కాదమ్మా..."

"ఉండు నాయనా, ఇంగా అయిపోలేదు. రాత్రి ఎందుకు నేసినాడు? పగలంతా కండెలు చుట్టుకుంటా కూర్చుంటాండె. దానికే పొద్దు పోతాండె. నాయనే ఎందుకు చుట్టినాడు? అంతకు ముందు కండెలు ఎవరు చుడతాండిరి? నేను. నేను చుట్టేటప్పుడు నాయన పగలే నేసేటోడు, రాత్రి పడుకునేటోడు. మరి నేను ఎందుకు ఇడిచిపెట్టినా?"

"పాపా, ఆ నోటుబుక్కు నాకియ్యి."

"ఇస్తా సారూ, ఒక్కటే ఉండాది. ఆఖరు అట్ట. నేను బడిలో చేరినా. ఆ దినం మీరు వచ్చి ఈడ నిలబడినారు, నేను ఈడ కూర్చోని ఉండా. అంతకు ముందు ఎనక్కి ఎంత పోయినా ఇంగ తప్పు లేదు సారూ, అన్నీ సరిగా ఉండాయి. నాలుగు మార్లు చూసినా. అదే తప్పు అట్ట."

"కాదు తల్లీ, కాదు. ముత్యాలప్పా, చెప్పప్పా నువ్వన్నా. కాదని చెప్పు."

"చౌడీ... నా కండ్లు నీ వల్ల పోలేదమ్మా. నా మింద ఒట్టు."

"నువ్వు అట్లనే అంటావు నాయనా, నాకు తెలుసు. నువ్వేం బాధపడొద్దు, దొరికింది గదా. ఆ అట్ట తీసేసినా సారూ. కండెలన్నీ నేనే చుడతాండా, నాయన రాత్రి నెయ్యడంలే, బుడ్డిదీపం గూడా దాచిపెట్టినా. తప్పు అట్ట మార్చితే మిగిలిందంతా దానంతట అదే సరిపోతాది అన్నారు గదా మీరు. తొమ్మిది దినాలాయ. నాయనకు కండ్లు ఇంగెన్ని దినాలకు వస్తాయి సారూ?"